పచ్చి గోడ

మధురానగర్, హైదరాబాద్
9 ఏప్రిల్ 2025

అక్కా,

వందనాలు. "ప్రభువు నామంలో అని రాసినవా లేదా?" అని అమ్మ నెత్తిమీద నిలబడి అడుగుతుంది. రాసిన. ఇగ ముచ్చటకొస్త.

కవర్ కొందామని అమీర్‌పేట పోస్టాఫీసుకు పోతే కౌంటర్ల మేడమ్ "పాస్‌పోర్టు పనా బాబూ?" అన్నది. "కాదు మేడమ్, మా అక్కకు ఉత్తరం రాయాలె" అంటే అద్దాలు తీసి మరీ నా మొఖం చూసింది. మట్టి ఇండ్లు కట్టుడు నేర్పేటోళ్లు ఫోన్లు గుంజుకొని బీరువాల పెట్టుడేందక్కా? మట్టికి సిగ్నల్ పడదా?

సరే, నీ టీము సంగతి. రైలెక్కేటప్పుడు ఒక్క మాట చెప్పి పోయినవ్, "నేను జూన్‌ల వచ్చేదాక పిల్లల్ని చూస్కో, గోడ లేపు" అని. పదో తరగతి పరీక్షల నడుమల నుంచి లేచొచ్చినోన్ని నేను. మైత్రీవనంల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు సగం, మొబైల్ రిపేరు సగం, ఫుడ్ డెలివరీ సగం. గిసువంటోని చేతుల ఆర్కిటెక్చర్ చదివే ఆరుగురిని పెట్టినవ్. మొదటిరోజే రాకేశ్ వచ్చి "నేతన్ అన్నా, సైట్ మీటింగ్ ఎజెండా ఏంది?" అని అడిగిండు. "చాయ్" అని చెప్పిన.

పిల్లల మట్టి గది కోసం చర్చి వెనక పాత షెడ్డు తీసేసిన జాగంత సాఫ్ చేసినం. నువ్వు పోసి పోయిన రాళ్ల పునాది మంచిగనే ఉంది. మట్టికి మాత్రం నేనే తిరిగిన. ఎల్లారెడ్డిగూడల సెల్లార్ తవ్వుతున్నరు. టిప్పర్ డ్రైవర్ సాయిలన్నను పట్టుకున్న. "ఎట్లైనా పారబోసే మట్టే గద, మీ చర్చి కాడ పారబోస్త తీ" అన్నడు. మంజూష సీసాల మట్టి పోసి, నీళ్లు కలిపి, ఊపి, కిటికీల పెట్టింది. కింద ఇసుక కూసుంది, మీద మెత్తటిది తేలింది. "బంక తక్కువుంది అన్నా, చెరువు మట్టి కలపాలె" అన్నది. నాకైతే బురద నీళ్లే కనిపించినయ్. అయినా తల ఊపిన, లీడర్‌ను గద.

అసలు ఫికర్ మార్క్ అంకుల్‌తోని. చర్చి కమిటీ పెద్ద, మీదికెల్లి కరెంటాఫీసుల రిటైరైన మనిషి కాబట్టి రోజూ చేతులు వెనక కట్టుకొని వచ్చి నిలబడ్తుండు. నిన్న అన్నడు: "మా నాయిన మట్టింట్ల పుట్టిండు. వానకు గోడ కూలితే బర్ల కొట్టంల పండుకున్నడు. చచ్చీ చెడీ సిమెంటు దాక వచ్చినం. నువ్వు, మీ అక్క మళ్ల మట్టికి తీస్కపోతున్నరా?" ఇంకోటి సుత గట్టిగ చెప్పిండు. మే నెలాఖర్ల పిల్లల ఎండకాలం బైబిల్ బడి, వి.బి.ఎస్., గీ గదిలనే జరగాలె. లేకపోతే కమిటీ మళ్ల రేకుల షెడ్డే ఏపిస్తదట. గప్పుడు నీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు సుత గంగల కలిసినట్టే.

జల్ది రాయి. నాకు ఆగుడు రాదు, నీకు ఎరికే.

మట్టి తొక్కి మడమలు పగిలిన నీ తమ్ముడు,
నేతన్

&nbsp;

15 ఏప్రిల్ 2025
కొండమీది నుంచి

ఒరే నేతన్,

నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. "చాయ్" దగ్గర ఇక్కడి కేరళ అమ్మాయి కూడా నవ్వింది, దానికి తెలుగు రాదు.

ఇక్కడ మాకు వచ్చిన వారమంతా ఒక్క గోడా కట్టనివ్వలేదు. మట్టిని నానబెట్టడం, తిరగెయ్యడం, కప్పెట్టి వదిలెయ్యడం. రోజూ పొద్దున వెళ్ళి వాసన చూడమంటారు. పుల్లటి వాసన వస్తే మాగినట్టు. మాగిన మట్టి చేతికి సాగుతుంది, మాగనిది విరుగుతుంది. మీరు కూడా గడ్డి కలిపి బాగా మాగనివ్వండి. ముద్దలు పేర్చి ఒక వరస లేపాక అది గట్టిపడేదాకా రెండో వరస ఎక్కించొద్దు. బొటనవేలితో నొక్కి చూడు. గుంట పడితే గోడ పచ్చిగా ఉన్నట్టు. దీనికి వేరే మీటరేమీ లేదు, నీ వేలే మీటరు.

మార్క్ అంకుల్‌తో వాదించకు. ఆయన అన్నది అబద్ధం కాదు. వాళ్ళ నాన్నగారి ఇంటికి రాతి పునాది ఉండి ఉండదు, గోడకు వాన తగలకుండా చూరు ఉండి ఉండదు. కానీ కూలిన ఇంట్లో పడుకున్నవాడికి ఆ లెక్క చెబితే ఎలా ఉంటుంది? నువ్వు ఆయన్ని జెనీఫర్ టీచర్ గురించి అడుగు. మనిద్దరికీ సండే స్కూల్లో వాక్యాలు నేర్పింది ఆమే కదా. ఆమె పోయాక ఆయన తన భార్య పేరెత్తడం నేను వినలేదు. ఎవరూ అడగరేమో.

రాకేశ్, మంజూష పోట్లాడుకుంటే మధ్యలో దూరకు. ఆ ఇద్దరూ మొదటి సంవత్సరం నుంచి అంతే.

నిన్నే ఎందుకు పెట్టానని అడగలేదు నువ్వు. అడిగినప్పుడు చెబుతాను.

గోళ్ళ సందుల్లో మట్టితో,
ఇవాంజెలిన్ అక్క

&nbsp;

మధురానగర్
22 ఏప్రిల్

అక్కా,

పుస్తకం చదివినట్టే ఉంది నీ ఉత్తరం. మనింట్ల గట్ల ఎవ్వరు మాట్లాడ్తరు? "కాలేజీకి పోయింది, రాస్తది, నీకేంది" అన్నది అమ్మ.

ఈస్టర్ ఆరాధన అయినంక సంఘం అంతా వెనకకొచ్చి మన మట్టికుప్పను చూసింది. "సమాధి లెక్కుంది" అన్నరు ఎవరో. "మూడోనాడు లేస్తది తీ" అన్న. పాస్టరమ్మ నవ్వు ఆపుకోలేక పైటకొంగు అడ్డం పెట్టుకున్నది.

పక్క హాస్టల్ పోరగాళ్లు బాల్కనీలకెల్లి చూసుడే పని. జావా నేర్చుకునేటోడు ఒకడు పైనుంచి అరిచిండు, "అన్నా, గిదేం కోర్సు? ప్లేస్‌మెంట్ ఉంటదా?" మంజూష కింద నుంచి, "ఉంటది, ముందు దిగి తొక్కు!" అన్నది. నిజంగనే ముగ్గురు దిగిన్రు, లుంగీలు పైకి కట్టుకొని. చెరువు మట్టి కలిపి తొక్కుడంత వాళ్లే.

నువ్వు దూరకన్నవ్ గని దూరిన. మూల గుండ్రంగ ఉండాలె అంటడు రాకేశ్, కోసుగ ఉండాలె అంటది మంజూష. రోజంత గీసుడు, చెరుపుడు, గ్రూపుల పోల్ పెట్టుడు. నాకు తిక్క లేచి "చెరొక ముక్క కట్టుండ్రి, పగలందే గెలిచినట్టు" అన్న. రెండూ పగిలినయ్. ఎందుకంటే మట్టి మాగలే. నేనే తొందరపెట్టిన. పొద్దున నానిందాన్ని సాయంత్రం కట్టకపోతే నాకు నిద్ర పట్టదక్కా. ఇగ ఇప్పుడు గోనెసంచులు కప్పి వదిలేసినం. రోజూ వాసన చూస్తున్న, చచ్చిన చేప లెక్కుంది. మాగిందా, మురిగిందా?

ఇగ అసలు సంగతి. జెనీఫర్ టీచర్ గురించి అడిగిన. మార్క్ అంకుల్ ఇంటికి రమ్మన్నడు. వరండాల గోనెపట్ట తీసిండు. నల్ల గ్రానైటు రాయి, మన టీవీ అంతుంటది. టీచర్ పేరు, కింద ఆమెకు ఇష్టమైన వాక్యం. ఆమె పోయిన ఏడే చెక్కిపిచ్చిండట. చర్చి గోడకు పాస్టర్ల పేర్లు తప్ప వేరేవి పెట్టొద్దని పాత రూలున్నది. కమిటీ పెద్దయ్యుండి రూలు దాటలేక గట్లనే కప్పిపెట్టిండు. "పిల్లలకు చెప్పింది గద, పిల్లల గదిల ఉంటే బాగుంటది" అన్నడు.

"పెడత అంకుల్. నాది మాట" అన్న.

గా రోజుకెల్లి మట్టి మీద ఒక్క మాట అంటలేడు. సాయంత్రం ఫ్లాస్కుల చాయ్ తెస్తుండు. చూసినవా, నువ్వు చెప్పినట్టే చేసిన. పని అయిపోయింది.

ఇప్పుడు అడుగుతున్న: నన్నే ఎందుకు పెట్టినవ్? ఖాళీగ ఉన్నోన్ని నేనొక్కన్నే దొరికిననా?

నేతన్

&nbsp;

29 ఏప్రిల్ 2025

నేతన్,

మంజూష ఉత్తరం వచ్చింది. నువ్వు కొన్ని రోజులుగా పొద్దున పోయి సాయంత్రానికి కూడా సైట్‌కి రావట్లేదట. ఎక్కడికి పోతున్నావో ఎవరికీ చెప్పట్లేదట. మొదటి వరస ఎక్కాక మిగతా వాళ్ళు నీకోసం చూస్తూ కూర్చుంటున్నారట.

మళ్ళీ మొదలుపెట్టావా? కోర్సు మానేసినప్పుడూ ఇంతే, రిపేరు షాపు మానేసినప్పుడూ ఇంతే. ముందు ఒక పూట, తర్వాత ఒక రోజు, తర్వాత మాయం. ఈసారైనా ఆగుతావని నమ్మాను రా. పోవాలనుంటే చెప్పి పో. మంజూషకి అప్పజెబుతాను.

రాయి సంగతి. ఇప్పుడు మాత్రం పెట్టొద్దు. పచ్చి గోడ తన బరువు తానే మోయలేక కిందికి కుంగుతూ ఉంటుంది. అందులో అంత రాయి పెట్టి సిమెంటుతో బిగిస్తే మట్టి కుంగుతుంది, సిమెంటు కుంగదు. వాటి మధ్య సందు పడి నీళ్ళు దిగుతాయి. అసలు పెట్టగలమో లేదో గోడ పూర్తిగా ఎండాక నేనొచ్చి చూస్తాను. అంకుల్‌కి ఏదోటి చెప్పి ఆపు.

ఇవాంజెలిన్

&nbsp;

మధురానగర్
6 మే

ఇవాంజెలిన్ మేడమ్‌కు,

మాయమైనోడు రాస్తున్న ఉత్తరం.

గడ్డి కోసం పోయిన. వరిగడ్డి. గీ అమీర్‌పేటల ప్రపంచంల ఉన్న కోర్సులన్నీ దొరుకుతయ్, గుప్పెడు గడ్డి దొరకది. యూసుఫ్‌గూడ, బోరబండ, మోతీనగర్, ఎక్కడ బర్ల తబేలా ఉందంటే అక్కడికి నడిచిన. బర్లకే సరిపోతలేదు, చర్చికి ఏడకెల్లి తెచ్చియ్యాలె అన్నరు. లాస్టుకు ఒకాయన రెండు మోపులు ఇచ్చిండు. నెత్తిమీద పెట్టుకొని మెట్రో స్టేషన్ కిందకెల్లి వస్తుంటే కోచింగ్ పోరగాళ్లు ఫోటోలు తీసిన్రు. గిది మాయమవుడా? గడ్డి దొరుకుతదో లేదో తెల్వక ముందుగాల ఎవ్వరికీ చెప్పలే. అంతే. నువ్వు మాత్రం ఒక్క మాట అడగకుంటనే తీర్పిచ్చినవ్.

నీ ఉత్తరం చదివి ఒకటే అనుకున్న. ఈసారి పూర్తి అయిన పని ఒకటి చూపెట్టాలె అని. మూడు వరసలు లేచినయ్. రాయి నిన్ననే పెట్టినం. అంకుల్ తనకు తెలిసిన మేస్త్రీని తెచ్చుకున్నడు. గోడను చెక్కి, సిమెంటు పోసి, మంచిగ బిగిచ్చిన్రు. మంజూష "అన్నా, ఇంకా పచ్చిగుంది" అన్నది. "టీము ఎవరిది?" అన్న. మూతి ముడుచుకున్నది. రాయి మాత్రం మస్తు కూసుంది. అంకుల్ రుమాలుతోని తుడిచి, ఆమె పేరు మీద చెయ్యి పెట్టి చానసేపు నిలబడ్డడు. అది నువ్వు చూసుంటే గట్ల రాయకపోదువు.

నీ మట్టి పాఠాలల్ల లేనివి సుత లోకంల ఉంటయ్. అమ్మ మంచిగున్నది.

నేతన్

&nbsp;

8 మే 2025

ఒరే తమ్ముడూ,

చెంపలు వేసుకుంటున్నాను. మంజూష ఇంకో ఉత్తరం రాసింది. గడ్డి కోసం ఊరంతా తిరిగావట, నెత్తిమీద మోపుతో వస్తే ఆ ఆరుగురూ ఎదురొచ్చి చప్పట్లు కొట్టారట. నా అంత తొందర మనిషి ఇంకెవరూ లేరు. నిన్ను అంటాను గాని ఇద్దరం ఒక్క కడుపునే పుట్టాం.

నువ్వు అడిగినదానికి జవాబు. ఖాళీగా ఉన్నావని పెట్టలేదు. ఆ ఆరుగురినీ రెండేళ్ళుగా చూస్తున్నాను. గీస్తారు, చెరుపుతారు, ఓట్లు పెట్టుకుంటారు, మొదలుపెట్టడానికి మాత్రం వణుకుతారు. నువ్వు దేన్నీ పూర్తిచెయ్యవని అందరూ అంటారు. కానీ మొదలుపెట్టడానికి భయపడడం నీలో నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళకి నువ్వు కావాలి. నీకు వాళ్ళు కావాలి, ఎందుకంటే వాళ్ళు మధ్యలో వదలరు.

మంజూష ఉత్తరంలో రాయి మాటే లేదు, అంటే ఆగావన్నమాట; నా మాట విన్నందుకు థాంక్స్ రా. అంకుల్‌కి చెప్పడం నీకెంత కష్టమయిందో ఊహించగలను.

నీ తప్పుడు జడ్జి,
అక్క

&nbsp;

పంజాగుట్ట
13 మే

అక్కా,

నువ్వు మెచ్చుకుంట రాసిన ఉత్తరం నిన్న పొద్దున అందింది. నిన్న మధ్యాహ్నమే గోడ కూలింది.

ఆదివారం వాన పడ్డది, ఎండకాలం వాన, గాలితోని. టార్పాలిన్ పట్టాలు కప్పినం గని రాయి కాడ నీళ్లు ఎనకకు దిగినయ్. సోమవారం పగలు అన్నాల టైముకు రాకేశ్ గా గోడకే ఆనుకొని డబ్బా తెరిచి తింటుండు. చెయ్యి కడుక్కుందామని నల్లా కాడికి లేచిండు. గంతే. ఎనక బుస్సుమని సప్పుడు. రాయి కింద గోడంత ఉబ్బి ముందటికి జారింది. రాయి వచ్చి వాని టిఫిన్ డబ్బా మీద పడ్డది. డబ్బా అప్పడం లెక్క అయింది. వాడు నల్లా కాడ చెయ్యి తడిగనే పెట్టుకొని నిలబడ్డడు. నాకు గా డబ్బానే కనిపిస్తుంది, కండ్లు మూసినా తెరిచినా.

నీకు ఒకటి చెప్పాలె. రాయి పెట్టే ముందు బొటనవేలుతోని నొక్కి చూసిన. గుంట పడ్డది. చెయ్యి తడి చేసి గా గుంటను నేనే సాఫ్ చేసిన, ఎవ్వరూ చూడకుంట. నీ ఉత్తరం జేబులనే ఉన్నది గప్పుడు. తెల్వక చేసింది కాదు.

మార్క్ అంకుల్ వచ్చిండు. తిడ్తడనుకున్న. తిట్టలే. బురదల కూసొని రాయిని రుమాలుతోని తుడుసుకుంట "మా నాయిన గోడ గూడ గిట్లనే పడ్డది" అన్నడు. గంతకన్న రెండు దెబ్బలు కొడితే బాగుండు.

సైట్ గేటు తాళంచెవి మంజూషకిచ్చిన. నా దోస్తు విజయేందర్‌ది పంజాగుట్టల ఫోన్ల సామాన్ల దుకాణం లేదా, గక్కడ కూసుంటున్న. ఫోన్లకు అద్దాలు అతికిస్తున్న. గీ పనిల బుడగ వస్తే పీకి మళ్ల అతికిస్తే అయిపోతది, ఎవ్వరి మీద పడది.

నువ్వు ముందే రాసినవ్ గద, మాయమైతనని. జర ముందుగాల రాసినవ్, అంతే. మంజూషకు అప్పజెప్పు. కమిటీ రేకుల షెడ్డుకు మనిషిని పిలిచిందట.

నీ ప్రాజెక్టు ఖరాబ్ చేసినోడు,
నేతన్

&nbsp;

19 మే 2025

నేతన్,

నీ ఆరో తేదీ ఉత్తరం, పదమూడో తేదీ ఉత్తరం ఒకేరోజు అందాయి. కోపం, భయం ఒక్కసారే వస్తే మనిషి ఏం చేస్తుందో తెలుసా? బ్యాగు సర్దుతుంది. సర్దాను. పంపిస్తామన్నారు కూడా. సాయంత్రం మళ్ళీ బట్టలు తీసి తాడు మీద వేశాను.

నేను రావట్లేదు. నా మీద కోపం పెట్టుకో, ఫర్వాలేదు. నేనొచ్చి లేపితే అది నా గోడ అవుతుంది. నువ్వు అద్దాలు అతికిస్తూ ఉండిపోతావు. నా మార్కుల సంగతి నేను మా సర్‌తో మాట్లాడుకుంటాను, అది నీ నెత్తిన వేసుకోకు.

ముందు రాకేశ్ దగ్గరికి పో. గోడ దగ్గరికి కాదు, అంకుల్ దగ్గరికి కాదు, వాడి దగ్గరికి. ఆ గుంట సంగతి నాకు చెప్పావు, వాడికి చెప్పాలి. వాడు నీతో మళ్ళీ పనిచెయ్యనంటే అది వాడి హక్కు.

తర్వాత మట్టి. కూలిన ఇటుక గోడైతే లారీకెత్తి పారబోస్తారు. కూలిన మట్టి మళ్ళీ మట్టే. నానబెట్టు, తొక్కు, మాగనివ్వు. అందులో పడ్డ సిమెంటు పెళ్ళలు మాత్రం చేత్తో ఏరాలి. ఒక్కటి కూడా ఉండకూడదు, ఉన్నచోట మళ్ళీ పగులుతుంది. దానికి యంత్రం లేదు. కూర్చుని ఏరడమే. నీకు అన్నిటికన్నా కష్టమైన పని అదేనని తెలిసే చెబుతున్నాను.

ఇక్కడ నా గోడ ఇంకా మోకాలి ఎత్తు దాటలేదు. కేరళ అమ్మాయి రోజూ వచ్చి వేలు పెట్టి చూసి తల అడ్డంగా ఊపుతుంది. దాన్ని చంపాలనిపిస్తుంది.

నువ్వు మాయమైతే వెతకడానికి రాను. నువ్వెక్కడుంటావో నాకు తెలుసు కాబట్టి.

అక్క

&nbsp;

మధురానగర్
1 జూన్

అక్కా,

ప్రభువు నామంలో వందనాలు. అమ్మ చెప్పలే, నేనే రాసిన.

నీ ఉత్తరం వచ్చినరోజు విజయేందర్‌గాడు "పో రా బై, నువ్వు అతికిచ్చిన అద్దాలన్నిట్ల బుడగలే" అన్నడు. గట్ల తరిమిండు.

రాకేశ్ హాస్టల్‌కు పోయిన. గుంట సంగతి చెప్పిన. వాడు లేచి తలుపు దగ్గరికేసిండు. తర్వాత "మా అమ్మకు గోడ పడ్డదని చెప్పలే అన్నా, డబ్బా పోయిందని మాత్రం చెప్పిన. కొత్తది కొనియ్యి" అన్నడు. మళ్ల "ఇంకోపారి గట్ల చేస్తే చెప్పకుంట పోత" అన్నడు. సరే అన్న. తర్వాత ఫోన్ తీసి చూపెట్టిండు. నేను పోయినంక గ్రూపుల పోల్ పెట్టిన్రు, గోడ మళ్ల లేపాల్నా వద్దా అని. ఆరుగురుంటిరి గద, మూడు మూడు వచ్చినయ్. గా పోల్ మీదనే రోజూ కొట్లాడుతున్నరట. "నీ ఓటు కోసం ఆగినం" అన్నడు. "లేపాలె" మీద నొక్కిన.

మార్క్ అంకుల్ కాడికి పోవుడు అన్నిటికన్న కష్టమైంది.

"అంకుల్, రాయి ఇప్పుడు గోడల పెట్టలేం. ఎండినంక సుత పెడ్తమని మాటియ్యలేను."

"పోయినసారి ఇచ్చినవ్ గద."

"ఇచ్చిన. అక్క వద్దన్నా ఇన్లే."

ఆయన గోనెపట్ట సరిచేసుకుంట కూసున్నడు. "మరి వి.బి.ఎస్. ఎక్కడ పెడ్తవ్?"

"మట్టిల" అన్న. నోట్లకెల్లి వచ్చేసింది, ముందు అనుకున్నది కాదు.

గట్లనే జరిగింది అక్కా. షామియానా కింద పిల్లలు. ముందుగాల ఏరుడు. అందరూ గుండ్రంగ కూసొని ముద్ద విరుసుడు, సిమెంటు పెళ్ల తీసుడు, బకెట్ల ఏసుడు. నేను సుత కూసున్న. మొదటి పూట మస్తు కోపమొచ్చింది, బకెట్ తన్ని లేచిపోదామనిపించింది. పక్కనున్న పిల్ల "అన్నా, నీది ఖాళీగుంది, నాది నిండింది" అన్నది. మళ్ల కూసున్న. తర్వాత తొక్కుడు. వి.బి.ఎస్. యాక్షన్ పాటలుంటయ్ గద, ఎగురుడు, చేతులు ఊపుడు, గవన్నీ మట్టిల పెట్టినం. గంత మంచిగ తొక్కుడు నేను ఎన్నడు చూడలే. తల్లులు వచ్చి లబోదిబోమన్నరు బట్టలు చూసి. అమ్మ పైపు పట్టుకొని నల్లా కాడ కూసొని ఒక్కొక్కరి కాళ్లు కడిగి ఇంటికి పంపింది, అన్ని రోజులు.

ఎండకుంటనే వానలొచ్చేటట్టున్నయ్. ఖైరతాబాద్‌ల మండపాలకు పట్టాలిచ్చేటాయన కాడికి పోయిన. "వినాయక చవితి దాక ఖాళీనే, తీస్కపో" అన్నడు. పెద్దది, గోడ మొత్తం కప్పుతది. ఒక మూలకు తొండం బొమ్మ ఉన్నది. మార్క్ అంకుల్ చూసిండు. నేను గా మూలకు అడ్డం నిలబడ్డ. "గా మూల జర లోపలికి మడవుండ్రి, గాలికి లేవకుంట" అన్నడు, గంతే.

మొన్న కొత్త మొదటి వరస లేపినం. పిల్లలు పచ్చి మట్టి మీద వేళ్లతోని పేర్లు రాసుకుంటే అంకుల్ "గోడలు ఖరాబ్ చేస్తరా!" అని అరిచి తరిమిండు. పొద్దున వచ్చి చూస్తే పిల్లల పేర్ల కింద ఇంకో పేరున్నది. అక్షరాలు స్కేలు పెట్టి గీసినట్టు, కరెంటాఫీసుల బిల్లు రాసినట్టు. జెనీఫర్ టీచర్ అని. నేను చూడనట్టే ఉన్న. మంజూష సుత చూడలే. రాకేశ్ నోరు తెరవబోతే ఆమె కాలు తొక్కింది.

కమిటీ రేకులాయనను మళ్ల రమ్మన్నదట. అంకుల్ మీటింగుల "మట్టి ఇంకా పచ్చిగున్నది, ఎండనీయుండ్రి, గప్పుడు చూద్దం" అన్నడని పాస్టరమ్మ చెప్పింది. గంతకు మించి మాకు ఎవ్వరూ ఏం హామీ ఇయ్యలే. వానాకాలమంత ఆగి ఆగి కట్టాలె.

ఇగ అంకుల్ రోజూ పొద్దున సాయంత్రం వచ్చి అడుగుతుండు, "ఎండిందా?" అని.

"ఇంకా లేదు అంకుల్" అంట.

"నిన్న గూడ గదే అన్నవ్."

"రేపు సుత గదే అంట."

"తొందర లేదా పోరడా నీకు?" అన్నడు. ఆయనకు చెప్పలే గని, మస్తుంది అక్కా. చేతులు గుంజుతుంటయ్. గట్ల గుంజినప్పుడు పోయి బొటనవేలుతోని నొక్కుత. గుంట పడ్తది. గుంటను గట్లనే ఉంచి వస్తున్న, అందరికీ కనపడేటట్టు.

నువ్వు పదో తారీఖు దిగుతవ్. స్టేషన్‌కు నేను రాను. గా రోజుకు రెండో వరస ఎక్కించేటట్టు అయితది అనుకుంటున్న, మట్టి సరే అంటే. ఆటో మాట్లాడుకొని రా. గోడ నీ మోకాలు సుత దాటది, నవ్వొద్దు. చెప్పులు గేటు కాడ ఇడిచి రా, తొక్కేది చానా ఉన్నది.

గీడనే ఉన్న,
నేతన్